అక్క అడుగుల చప్పుడు

ధప్. కిర్రు. ఘల్లు.

కాసేపు ఆగి మళ్ళీ, ధప్. కిర్రు. ఘల్లు.

ఎవరో మెట్లెక్కుతున్నారు. ముందు బరువైన అడుగు పడుతోంది. దాని కింద చెక్క మెట్టు సన్నగా మూలుగుతోంది. ఆ వెనకే నడుముకు వేలాడే తాళాలగుత్తి పలుకుతోంది. మలుపు దగ్గర అడుగు ఆగింది. ముక్కుతో తీసుకున్న ఊపిరి నోటితో బయటికి వచ్చింది. గోడకు అరచెయ్యి ఆనింది, బట్ట రాసుకుంది. తరువాత మళ్ళీ ధప్.

కళ్ళమీద తడిగుడ్డ వేసుకుని మంచంమీద పడుకుని ఉన్న ఆమె, కళ్ళు తెరవకుండానే ఆ రాకను విన్నది. తమ్ముడు కాడు, వాడు మెట్టు విడిచి మెట్టు దూకుతాడు. మరదలు కాదు, ఆమె చెప్పులు ఆమెకంటే ముందు కబుర్లు చెబుతూ వస్తాయి. ఇది మరెవరిదో నడక. ఎవరిదోనా? కాదు, బాగా తెలిసిన నడకే. ఆ మలుపు దగ్గర ఆగి, గోడకు చెయ్యి ఆనించి, అలా ఊపిరి వదిలే మనిషి ఈ ఇంట్లో ఒక్కతే ఉంది. ఆ ఒక్కతీ ఇప్పుడు మంచంమీద ఉంది.

గుడ్డ తీసేసి లేచి కూర్చున్నది. తలుపు మూసే ఉంది. చప్పుడు మెట్లమీదినుంచి రావడం లేదు. కిటికీలోంచి, పక్కింటి టీవీలోంచి వస్తోంది. అది అర్థమయ్యే లోపలే, గట్టు తెగిన నీరులా, వందలమంది నవ్వు విరుచుకుపడింది.

"వచ్చిందిరో బండత్త!" అన్నది టీవీలో ఒక గొంతు. "గోడలు పట్టుకోండి! ఇల్లు కూలితే మనమే కట్టుకోవాలి!"

పక్కింటివాళ్ళూ నవ్వారు. ఆ ఇంటి పెద్దాయన నవ్వు దగ్గులోకి దిగి, దగ్గులోంచి మళ్ళీ నవ్వులోకి ఎక్కింది.

ఆ వేళకు వీధి వీధంతా ఆ హాస్య ధారావాహికే చూస్తుంది. అందులో ఒక కుటుంబం ఉంది. ఆ కుటుంబానికి ఒక లావుపాటి అత్త ఉంది. కథలో ఆ అత్తకు వేరే పనంటూ లేదు. రావడమే ఆమె పని. ఆమె కనబడకముందే బల్లమీది కప్పులు గడగడలాడాలి, గోడమీది పటం ఒరగాలి, ఇంట్లోవాళ్ళు కుర్చీల చేతులు బిగబట్టుకోవాలి. ఆ తరువాత తలుపు నిండా ఆమె. ఆ వేషం కట్టేది బక్కపలచని మగవాడు. దూది కుక్కిన దిండ్లు ఒంటికి చుట్టుకుని నటించి, పని కాగానే వాటిని విప్పి బల్లమీద పడేసి, తేలిగ్గా చేతులూపుకుంటూ ఇంటికి పోతాడు.

మొదట్లో ఆమె కూడా చూసింది, నవ్వింది కూడా. నలుగురు నవ్వేచోట నవ్వకపోతే ఆ నలుగురి చూపూ తనమీదికే తిరుగుతుందన్న సంగతి లావుపాటివాళ్ళకు పలక పట్టిననాడే తెలిసిపోతుంది. పైగా అప్పట్లో ఆ అత్త అడుగుకు డ్రమ్ము కొట్టేవారు. అది ఎవరి కాలూ కాదు, అందుకని అందరితోపాటు నవ్వవచ్చు. ఇవాళ వినిపించినది మాత్రం కాలే. అదీ తన కాలు.

మరునాడు పొద్దున ఆమె పనికి బయలుదేరుతుంటే తమ్ముడు మెట్ల కింది గదిలోంచి పరుగున వచ్చాడు.

తెరమీద కదిలే బొమ్మకు చప్పుడు కూర్చడం వాడి వృత్తి, ఆ ధారావాహికకూ వాడే. మెట్ల కింద ఉన్న ఆ గది గోడలకు బొంతలు కొట్టి ఉంటాయి. నేలమీద ఒక మడిలో ఇసుక, ఒక మడిలో కంకర, ఒక మడిలో ఎండుటాకులు. మూలన అన్ని కొలతల చెప్పులూ ఉంటాయి. ఆడవాళ్ళ ఎత్తుమడమల జోళ్ళలో అరచేతులు దూర్చి బల్లమీద వయ్యారంగా నడిపిస్తాడు. ఇనపరేకుమీద సన్నఇసుక జల్లి వాన కురిపిస్తాడు. ఆ చెవి ఊరికే రాలేదు. తల్లి లేని ఇంట్లో, దూరప్రాంతాలకు లారీలు తోలే తండ్రి వారాల తరబడి రాని ఇంట్లో, అక్క వాడి కళ్ళకు గంతలు కట్టి, గ్లాసులో నీళ్ళు పోసి, కాగితం చింపి, చీపురు పుల్ల విరిచి, 'ఇదేంటో చెప్పరా' అని ఆడించి ఆడించి పెంచిన చెవి అది.

"అక్కా, నిన్న చూశావా?"

"విన్నాను."

"అదీ అక్కంటే! ఊళ్ళోవాళ్ళంతా చూశామంటున్నారు, నువ్వొక్కదానివే విన్నానంటున్నావు. ఎలా ఉంది?"

"ఎక్కడ తీశావురా దాన్ని?"

"కనుక్కో చూద్దాం." వాడి కళ్ళు గంతలు విప్పిన పిల్లవాడి కళ్ళలా మెరిశాయి. "కనుక్కోలేవు. సరే, నేనే చెప్పేస్తా. మన మెట్లే అక్కా! నువ్వే!"

ఆమె మెట్ల పక్క కమ్మీ పట్టుకున్నది.

"డ్రమ్ములో ప్రాణం లేదు, తీసేయమన్నాడు మా దర్శకుడు. ఇసుకమూట ఎత్తేసి చూశా. దుంగ దొర్లించి చూశా. ఒక్కటీ మనిషిలా లేదు. అప్పుడు గుర్తొచ్చింది, పోయిన వానాకాలం నువ్వు డ్యూటీ నుంచి వస్తుంటే మైకు పెట్టి పట్టాను."

"ఎందుకు పట్టావు?"

"ఊరికే." వాడు కాస్త సిగ్గుపడ్డాడు. "చిన్నప్పుడు నేను తలుపు గడియ పెట్టుకుని కూర్చునేవాణ్ణి కదా, నువ్వొచ్చేదాకా. ఆ చప్పుడు వినబడితే చాలు, ఇంక దయ్యాలూ లేవు, దొంగలూ లేరు. ఇప్పటికీ అంతే. అది వింటే లోపల ఎవరో దీపం పెట్టినట్టుంటుంది. నా దగ్గరున్న చప్పుళ్ళన్నిట్లోకీ అదే మంచిది అక్కా. మా దర్శకుడు వినగానే లేచి నిలబడ్డాడు, తెలుసా?"

వాడు అబద్ధమాడడు. గడప తొక్కిన అతిథికి ఇంట్లో ఉన్నవాటిలో మేలైన పళ్ళెం తీసి పెట్టినట్టు, వాడు తన దగ్గరున్న చప్పుళ్ళలో మేలైనదాన్ని తీసి వాళ్ళకు పెట్టాడు. దాని పక్కన నవ్వు అతికిస్తారని వాడికి తెలుసు. ఆ నవ్వు దిండ్ల వేషంమీద పడుతుందనుకున్నాడే కాని, ఆ మెట్లెక్కే మనిషిమీద పడుతుందని వాడికి తోచలేదు. వాడి లెక్కలో అక్క వేరు, లావు వేరు. అక్క లావుగా ఉందన్న మాట వాడు పుట్టి బుద్ధెరిగి అనుకోలేదు.

"బాగుందిరా," అన్నది ఆమె.

కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. చించుకోలేక, పనికి వెళ్ళిపోయింది.

*

ఆమె బస్సు స్టేషనులో ప్రకటనలు చదువుతుంది. ప్లాట్‌ఫారాల చివర, మూత్రశాలల గోడకు ఆనుకుని, అద్దపు కిటికీ ఉన్న ఇరుకు గది. బల్ల, మైకు, తిరిగీ తిరగని పంకా. ఏ బస్సు ఎక్కడ నిలబడిందో, ఏది ఆలస్యమో, తప్పిపోయిన పసివాడు ఏ రంగు చొక్కా తొడుక్కున్నాడో ఆమె చెబితే మూటలమీద కునికే ముసలివాళ్ళు కూడా తల ఎత్తి వింటారు. ఆ గొంతులో తొందర లేదు, విసుగు లేదు. ఆలస్యమైన బస్సు కూడా ఆ గొంతులో వినబడితే 'రానీలే, వస్తుంది' అనిపిస్తుంది. గొంతుకు బరువుండదు. అందుకే ఆ ఉద్యోగం ఆమెకు ఇష్టం.

ఆ చప్పుడు పక్షం తిరగకముందే ఫోన్లలోకి ఎక్కింది. పిలుపు వస్తే గంటకు బదులు ధప్, కిర్రు, ఘల్లు. కండక్టర్ల జేబుల్లో అదే, టీకొట్టు గల్లాపెట్టె మీద అదే. ఆమె గది తలుపు మూసి ప్లాట్‌ఫారం మీదుగా నడిచి వస్తుంటే, బల్లమీద కూర్చున్న కుర్రకారులో ఒకడు ఫోను తీసి, ఆమె అడుగుకు అడుగు కలిపి దాన్ని మోగించేవాడు. అది ఆమె అడుగే అని వాడికేం తెలుసు? దొరికిన పోలికకు వాడు మురిసిపోయేవాడు, అంతే.

"ఒరేయ్, బాగా సరిపోయిందిరా!"

"మెల్లిగా అనరా, మీద పడితే మనకు పోస్టుమార్టం కూడా అక్కర్లేదు. చాపలా చుట్టి పంపించేస్తారు."

ఒకనాడు అదే బల్లమీద ఇంకొకడు అంటున్నాడు: "ఆ అనౌన్స్‌మెంట్ చేసే ఆవిడ గొంతుందే, అబ్బ! సన్నగా, తీగలా ఉండుంటుంది మనిషి."

ఆమె వాళ్ళ పక్కనుంచే నడిచిపోయింది.

ఎవరిని ఏమని అంటుంది? నా కాళ్ళు నాకిచ్చెయ్యండి అనాలా? చిన్నప్పటినుంచీ ఆమె విన్న మాటలకు కొదవలేదు. పీపా అన్నారు, గుమ్మటం అన్నారు. బస్సులో రెండు టికెట్లు తియ్యమన్నారు. అన్నవాడు మరిచిపోయేవాడు, ఆమె కూడా ఏదో ఒకనాటికి మరిచిపోయేది. పస్తులున్నది, పొడులు మింగింది, తెల్లవారకముందే మైదానాల చుట్టూ తిరిగింది. ఒళ్ళు కొంత తగ్గేది. అలిగి వెళ్ళిన చుట్టంలా మళ్ళీ తిరిగి వచ్చేది. దానితో ఆమె ఎలాగో రాజీ పడింది. కాని ఈ మాట అట్లాంటిది కాదు. ఇది ఎవరో అన్నది కాదు. అడుగు తీసి అడుగు వేస్తే తన ఒంట్లోంచే వస్తోంది. తనను తానే వెక్కిరించుకుంటూ నడవాలి.

అందుకని ఆమె చప్పుడు మానేయడం నేర్చుకున్నది.

తాళాలగుత్తిని చేతిరుమాలులో చుట్టి సంచి అడుగున పెట్టింది. మెట్టు నడిమధ్య కాక గోడవార కాలు వేస్తే చెక్క మూలగదని కనిపెట్టింది. పాదం మొత్తం ఒక్కసారి దించక, ముందు వేళ్ళ అంచు, తరువాత మడమ, పసిపిల్లను పక్కమీద పడుకోబెట్టినట్టు దించేది. మలుపు దగ్గర ఆగడం మానేసింది. ఊపిరి బిగబట్టి పైదాకా వెళ్ళి, గదిలో దూరి, తలుపు మూసి, దిండులో ముఖం పెట్టి వదిలేది. మోకాళ్ళు సలిపేవి. ఛాతీలో ఎడమవైపు ఏదో పిడికిలి ముడుచుకునేది. అయితేనేం, ఇల్లు నిశ్శబ్దమైపోయింది.

పిడికిలి విప్పుకోవడం ఆలస్యమవుతూ వచ్చింది. మెట్లెక్కితే బిగుస్తుంది, పడుకుంటే నొక్కుతుంది. ఒక సెలవునాడు ఎవరికీ చెప్పకుండా వైద్యశాలకు వెళ్ళింది.

నిరీక్షణ గదిలో టీవీ ఉంది. అందులో ఎవరో బరువు తగ్గే పట్టీ అమ్ముతున్నారు. మెడనుంచి పైకి కత్తిరించేసిన లావుపాటి మనుషులు, తలలు లేకుండా, వీధిలో అటూ ఇటూ నడుస్తున్నారు. గదిలో ఉన్నవాళ్ళు ఒకసారి టీవీని, ఒకసారి ఆమెను చూశారు. ఆమె సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నది, సంచి చాటున దాక్కోగలిగినట్టు.

డాక్టరు మంచివాడే. నవ్వు ముఖంవాడు.

"ఊపిరి అందట్లేదా? ఎలా అందుతుందమ్మా, ఇంత మూట మోస్తూ నడుస్తుంటే? రాత్రి పెందలాడే తినండి, పొద్దున్నే నడవండి."

"మెట్లెక్కుతుంటే ఇక్కడ, ఎడమవైపు పట్టేసినట్టు..."

"మెట్లకి పట్టేసుంటుంది పాపం!" అని తన మాటకు తానే నవ్వాడు. "ఏమీ అనుకోకండి. మా ఇంట్లో అందరం ఆ బండత్త అభిమానులం. నోరు ఊరుకోదు. బరువు తగ్గి రండి, అప్పుడు చూద్దాం."

ఆయన మెడలో స్టెతస్కోపు ఉంది. అది ఛాతీమీదికి వస్తుందని, అప్పుడు నిండుగా ఊపిరి తియ్యాలని ఆమె సిద్ధంగా కూర్చున్నది. అది మెడలోంచి దిగలేదు. లోపల ఏముందో వినకుండానే ఆయన చీటీ రాసిచ్చాడు. తరువాతి మనిషిని పిలిచాడు.

ఆ తరువాత ఆమె ఏ వైద్యుడి గడపా తొక్కలేదు.

*

మొదట గమనించింది మరదలు. వంటింట్లో గిన్నెలు తుడుస్తూ వెనక్కి తిరిగి, కెవ్వున అరిచి, చేతిలో మూత వదిలేసింది.

"అమ్మో, వదినా! ఎప్పుడొచ్చారు? పిల్లిలా ఆ రావడమేంటండీ బాబూ, నా గుండె జారి గిన్నెలో పడింది!"

"నీళ్ళకోసం వచ్చానమ్మా."

"నీళ్ళకే వచ్చారు సరే. మెట్లు దిగింది ఎలా? ఎగిరొచ్చారా?" మూత తీస్తూ ఆమె ఆగింది. వదిన ముఖం చూసింది. పెదవుల చుట్టూ నీలిగా ఉంది, నుదుట చెమట ఉంది. "ఏవండీ!" అని మెట్ల కింది గదివైపు కేక వేసింది. "ఒకసారి ఇటు రండి. ఎప్పుడూ వాటిని చెవులకు తగిలించుకుని కూర్చోవడమేనా? మీ అక్క నడక మీకు వినబడి ఎన్నాళ్ళయింది?"

తమ్ముడు మెడలో హెడ్‌ఫోన్లతో గుమ్మంలో నిలబడ్డాడు. ప్రపంచంలోని చప్పుళ్ళన్నీ పోగుచేసేవాడు, ఒకసారి మెట్లవైపు, ఒకసారి అక్కవైపు చూశాడు.

"ఏంటక్కా, చప్పుడు లేకుండా తిరుగుతున్నావు?"

"నా చప్పుడు నీ దగ్గరుందిగా," అన్నది ఆమె. కోపంగా అనలేదు. గొడుగు నీ దగ్గరుందిగా అన్నట్టే అన్నది.

వాడికి అప్పుడు అర్థమయింది. అర్థమవుతుంటే వాడి ముఖంమీద, నీళ్ళు ఇంకిన గోడలా, రంగు మారుతూ వచ్చింది. ఆమెకు వాడిమీదే జాలి కలిగింది. "పోనీలేరా, దానికేం," అన్నది. వాడు చెప్పులైనా వేసుకోకుండా దర్శకుడి దగ్గరికి వెళ్ళాడు.

చీకటి పడకముందే తిరిగి వచ్చి, ఆమె గదిలో నేలమీద కూర్చున్నాడు.

"తీసేయమన్నాను అక్కా. కాళ్ళొక్కటే పట్టుకోలేదు. 'పెదవి దాటితే పృథివి దాటుతుంది, ఇంక నీదీ కాదు నాదీ కాదు, జనానిది' అన్నాడు. 'ఎవరి అడుగైతేనేం, ఎవరికి తెలుసు' అన్నాడు. నాకు తెలుసు కదండీ అన్నాను. నవ్వాడు."

"ఊరుకోరా."

"నాకది నవ్వు చప్పుడు కాదక్కా. ఒట్టు."

"తెలుసు."

"ఇంట్లోనైనా మామూలుగా నడువు. నాకోసం. పైనుంచి ఏమీ వినబడకపోతే నాకు... నువ్వింకా రాలేదేమో అనిపిస్తోంది."

ఆమె వాడి తల నిమిరింది, సరేనన్నది. మరునాడు మెట్టు నడుమ కాలు పెట్టబోయింది కూడా. కాని కాలు తనంతట తానే గోడవారకు జరిగిపోయింది. నేర్చుకున్న భయాన్ని మరిచిపోవడానికి కాళ్ళకు వ్యవధి కావాలి.

ఆ వ్యవధే చాలలేదు.

ధారావాహిక మరో మైలురాయి దాటిందని, దర్శకుడూ వాళ్ళ బృందమూ ఒక మధ్యాహ్నం మెట్ల కింది గదికి వచ్చారు. తరువాతి భాగాలకు చప్పుళ్ళు అక్కడే కూర్చాలి. జనం ఎక్కువై, గాలాడక తలుపు తెరిచే పెట్టుకున్నారు. ఆమె ఉదయపు డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి ఆ గదిలోంచి మాటలు, గ్లాసుల గలగలలు వినబడుతున్నాయి. తలుపు ముందునుంచి నీడలా దాటి, గోడవార పట్టుకుని, వేళ్ళ అంచుమీద ఎక్కసాగింది.

మలుపు దగ్గర పిడికిలి ముడుచుకున్నది. ఈసారి విప్పుకోలేదు. భుజంలోకి పాకింది, దవడలోకి ఎక్కింది. ఆమె మెట్టుమీద కూలబడింది. కూలబడడం కూడా చప్పుడు లేకుండానే.

"తమ్ముడూ," అన్నది. పెదవులు కదిలాయి. ప్లాట్‌ఫారాలన్నిటికీ వినబడే ఆ గొంతు మలుపు దాటి కిందికి దిగలేదు.

కింద వాడు ఉన్నాడు. కేక వేస్తే అందేటంత దగ్గర. కేకే లేదు. మరేముంది? కాలుంది. మెట్టుంది. ఎత్తి కొడితే చాలు, ఎవరికి వినబడకపోయినా వాడికి వినబడుతుంది. కాని గదినిండా వాళ్ళున్నారు. నవ్వు తయారుచేసేవాళ్ళు. ఆమె ఊపిరి అందక కొట్టుకుంటూ కూడా, సిగ్గుపడుతూ, కాసేపు అలాగే కూర్చున్నది. ప్రాణం పోతుంటే కూడా మనిషికి సిగ్గు పోదు. పోకుండా చేసినవాళ్ళకు ఆ సంగతి తెలియదు.

చివరికి, ఉన్న బలమంతా మడమలోకి తెచ్చుకుని, మెట్టు నడుమ కొట్టింది.

ధప్. కిర్రు.

కింద మాటలు ఆగాయి. ఒక్క క్షణం ఇల్లంతా చెవి ఒగ్గినట్టయింది.

"ఎవరిదిరా ఫోను?" అన్నది ఒక గొంతు.

"బండత్త చేస్తోంది, ఎత్తండ్రా! ఎత్తకపోతే తనే వచ్చేస్తుంది!"

గది గొల్లుమన్నది. ఆ నవ్వుల గుంపులో, వెనకగా, మొహమాటంగా, నలుగురితోపాటు నవ్వక తప్పని ఒక చిన్న నవ్వు వినబడింది. అది ఎవరిదో ఆమె పోల్చుకున్నది. ఆ నవ్వుకు పాలపళ్ళు రాకముందునుంచి అది ఆమెకు తెలుసు.

రెండోసారి కాలు లేవలేదు. లేవలేకపోయిందో, తానే లేపలేదో, ఆమెకే తెలియదు.

డాబామీద ఆరిన బట్టలు ఎత్తుకుని దిగుతున్న మరదలు ఆమెను చూసింది. బట్టలు మెట్లనిండా దొర్లాయి. ఆ కేకకు గదిలో నవ్వు తెగిపోయింది.

*

ఆ తరువాతదంతా ఆమెకు చప్పుళ్ళుగానే వచ్చింది. కళ్ళు తెరవాలంటే ఎవరో రెప్పలమీద చేతులు పెట్టి నొక్కుతున్నట్టుంది. వాహనం మోత, ఇనప మంచం గణగణ, దానిమీదికి వంగిన తమ్ముడి ఏడుపు.

"ఫోననుకున్నా అక్కా. ఎవరిదో ఫోననుకున్నా. నీ అడుగుని నేను... నేను ఫోననుకున్నా."

వద్దురా అనాలనుకున్నది. ఏడవకురా, నీ ముక్కు దిబ్బడ వేస్తుంది, రాత్రి నిద్రపట్టదు అనాలనుకున్నది. మాట లోపలే తిరిగింది.

ఆసుపత్రి గచ్చుమీద చక్రాలు దొర్లాయి. ఒకచోట ఆగాయి.

"ఇద్దరం చాలం. ఇంకో ఇద్దర్ని పిలువు."

"నలుగురైనా చాలరు." గొంతు తగ్గింది. "అచ్చం టీవీలో..."

"నోర్ముయ్!" అన్నది మరదలు. జీవితంలో ఎవరినీ ఆమె అలా అని ఉండదు.

ఎత్తారు. దించారు. వేరే గొంతు వచ్చింది, వయసులో ఉన్న ఆడగొంతు, తొందరలో ఉన్నా తడబడని గొంతు. ఎవరో జాకెట్టు కత్తిరించారు. చల్లని బిళ్ళ ఒకటి ఛాతీమీద ఆనింది. జరిగింది, మళ్ళీ ఆనింది. చుట్టూ ఉన్నవాళ్ళను ఆ గొంతు "ష్," అన్నది. ఆమెను ఎవరో వింటున్నారు.

"ఎన్నాళ్ళనుంచి ఉంది ఈ నొప్పి? ఇంత ముదిరేదాకా ఏ డాక్టరూ చూడలేదా?"

జవాబు చెప్పగలిగిన మనిషి బల్లమీద ఉంది.

"స్పృహ జారిపోతోంది. మీరు తమ్ముడేగా? ఇటు రండి, చెవి దగ్గరికి. పిలవండి. ఆపకుండా పిలుస్తూ ఉండండి."

"అక్కా! అక్కా, నేనే అక్కా!"

వాడు పుట్టిననాటినుంచీ ఆ మాటే. అది ఎక్కడో దూరపు ప్లాట్‌ఫారం మీద వినబడుతున్నట్టుంది. ఆమెకు అది ఎవరినో పిలుస్తున్నట్టుంది. అందరికీ అక్కలుంటారు. ఏదో ఒక బస్సు ఎక్కి వెళ్ళిపోతే బాగుండుననిపిస్తోంది. బస్సు మెత్తగా, చప్పుడు లేకుండా కదులుతోంది.

"పలకట్లేదు. అలా కాదు, పేరు పెట్టి పిలవండి."

"మా అక్కండీ..."

"అక్కే. కాదనట్లేదు. ఈవిడకి పేరుంటుంది కదా? ఎవరి పేరు వాళ్ళని వెనక్కి లాగుతుంది. పిలవండి."

వాడి ఊపిరి ఆమె చెవికి తగిలింది. పెద్దదాన్ని పేరుతో పిలవడం వాడి నాలుకకు అలవాటు లేదు. ఆ ఇంట్లో ఆ పేరుతో పిలిచిన తల్లి పోయి ఎన్నో ఏళ్ళయింది. వాడు పెదవులు తడుపుకోవడం, గుటక మింగడం, మొదటి అక్షరం దగ్గర ఆగిపోవడం ఆమె విన్నది. అంత చీకటిలోనూ ఆమె చెవి ఒగ్గి ఉంది. వాడు దాన్ని గుసగుసగా అన్నాడు.

"గట్టిగా," అన్నది డాక్టరు.

ఇప్పుడెవరూ నవ్వడం లేదు. తమ్ముడు ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుని, గుండెలనిండా గాలి తీసుకుని, పిలిచాడు.

"వకుళా!"